బాపు నిద్రపోని సినిమా

"బాపూ, ఈసారి నువ్వు పండుకుంటే టీవీ బంద్ చేసి, బ్యాగు పట్టుకొని ఇయ్యాల్నే పోత."

రిమోట్ చేతిలో పట్టుకొని దీప అన్న మాట అది. దసరా మధ్యాహ్నం, మటన్ తిని అందరి కళ్లూ బరువెక్కిన వేళ. సదానందం చాప మీద, మంచం కోడుకు ఆనుకొని కూర్చున్నాడు. పొద్దున ఎనిమిదింటికి నైట్ షిఫ్టు దిగి వచ్చిన మనిషి. రెండుసార్లు స్నానం చేసినా కంటి రెప్పల అంచున బొగ్గు కాటుకలా అలాగే ఉంది. కూతురికి బదులివ్వకుండా భార్య ముఖంలోకి చూశాడు.

"పండుకోవద్దంటున్నది నీ బిడ్డ," అని యమున చెంప కింద చేయి పెట్టి, కళ్లు మూసి మరీ చూపించింది.

"పండుకోను," అన్నాడు సదానందం గట్టిగా. ఇరవై ఆరేళ్లుగా బొగ్గు బాయిలోకి దిగి డ్రిల్లు వేస్తున్నవాడు. మెల్లగా మాట్లాడటం అనేది ఎప్పుడో మరిచిపోయాడు.

దీప నమ్మలేదు. ఎట్లా నమ్ముతుంది? ఆ ఇంట్లో ఏ కాలానికి ఆ సినిమా ఉంది. ఎండాకాలం కూలర్ ముందు కామెడీ, వానలు పడితే దయ్యం సినిమా, ఉగాదికి దేవుడి సినిమా, దసరాకు నలుగురు అన్నదమ్ముల సినిమా. అన్నీ ముగ్గురూ కలిసి చూడాల్సినవే. అన్నింట్లోనూ సదానందం మొదటి పాట దాటి ఎరుగడు. దయ్యం సినిమాకు కూడా హాయిగా నిద్రపోయే మనిషిని ఏమనాలి?

"హాస్టల్ నుంచి ఫోన్ చేస్తే రెండు మాటలు మాట్లాడవు, అమ్మకిస్తవు. సినిమా పెడితే గురక పెడ్తవు," అంది దీప. "రేపు హైదరాబాద్ పోతున్న. నర్సింగు నాలుగేండ్లు. మల్ల ముగ్గురం గిట్ల ఎప్పుడు కూసుంటమో. నాతోని కూసునుడంటేనే నీకు ఇష్టం లేనట్టున్నది."

సదానందం కూతురి ముఖంలోకే చూస్తూ అంతా విన్నాడు. చాలా అలసిపోయి ఉన్నాడు. అయినా లేచి ముఖం మీద చన్నీళ్లు కొట్టుకొని వచ్చాడు.

"పెట్టు బిడ్డా. ఆఖరు దాకా చూస్త. సౌండ్ మాత్రం జర తగ్గియ్యి. పక్కింట్ల ఎల్లేశం గూడ నైట్ చేసొచ్చి పండుకున్నడు."

ఏ సినిమాకైనా ఆయన మొదటి మాట ఇదే. కాలనీలో గోడకు గోడ కలిసిన క్వార్టర్లు. ఎవరు ఏ షిఫ్టు చేసి వచ్చి నిద్రపోతున్నారో అందరికీ తెలుసు. దాన్ని బట్టే టీవీ, దాన్ని బట్టే పోపు, దాన్ని బట్టే కొట్లాట. దీప సౌండ్ తగ్గించి మంచమెక్కి, తండ్రి వెనకాల కూర్చుంది.

మొదటి పాట దాటింది. సదానందం పండుకోలేదు. రెండో పాట కూడా దాటింది. కన్ను మూతపడ్డప్పుడల్లా తొడ గిల్లుకుంటున్నాడు. కామెడీ వచ్చినప్పుడు యమున పకపకా నవ్వింది. సదానందం ఆమె వైపు చూసి, కొంచెం ఆలస్యంగా తానూ నవ్వాడు. నిద్రమత్తుకు జోకు ఎక్కడానికి టైం పడుతోందని దీపకు నవ్వొచ్చింది.

చివరికి పెద్దన్న ఇల్లు వదిలి బస్టాండులో కూర్చునే ఘట్టం వచ్చింది. చిన్న తమ్ముడు పరుగెత్తుకొచ్చి కాళ్ల మీద పడ్డాడు. యమున కొంగు కళ్లకు అద్దుకుంది. ఈ ఒక్క సీన్ చిన్నగా పెట్టుకొని చూస్తే ఏం బాగుంటుందని, దీప వెనక నుంచి సౌండ్ బాగా పెంచింది. బాపు ఇప్పుడు కోప్పడతాడని ఎదురుచూసింది.

ఆయన ఒక్క మాట కూడా అనలేదు. ఎల్లేశం నిద్ర కంటే నేనే ఎక్కువయ్యానన్నమాట అనుకుంది దీప. అంతసేపూ గుండెలో పెట్టుకున్న కోపం కరిగిపోయింది. రేపు బస్సెక్కే ముందు సారీ చెప్పాలనుకుంది.

అంతలో వెనక తలుపు దగ్గర ఎల్లేశం భార్య రాజకుమారి నిలబడింది.

"యమునక్కా, ఏమనుకోకు. సౌండ్ జర... మా ఆయనకు గిప్పుడే నిద్ర పట్టింది."

"అయ్యో, తప్పయింది చెల్లే," అంటూ యమున లేచి తలుపు దగ్గరికి పోయింది. దీప సిగ్గుపడి సౌండ్ మొత్తానికే బంద్ చేసింది. ఇంట్లో ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది. టీవీలో అన్నదమ్ములు మూగగా నోళ్లు కదుపుతూ ఏడుస్తున్నారు.

సదానందం వెనక్కి తిరగలేదు. చూపు టీవీ మీదే ఉంది. కళ్ల నిండా నీళ్లున్నాయి.

రాజకుమారి పోగానే మళ్లీ పెడతానని చెబుదామని, దీప మంచం దిగి తండ్రి పక్కన కూర్చుంది. ఆమె నోరు తెరవకముందే సదానందం ఆమె చేతిలోని రిమోట్ చూశాడు.

"ఇంక పెంచకు బిడ్డా," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "గిప్పటికే సౌండ్ మస్తున్నది. ఎల్లేశం లేస్తడు."