మేళం ముందు కర్ర

రెంటచింతలలో పెళ్లి ఊరేగింపు బయల్దేరే ముందు ట్రంపెట్ ఊదే జోజిబాబు అడ్డం తిరిగాడు. "ఆడపిల్ల కర్ర తిప్పితే నేనూదను!"

తన తండ్రి కరోనాలో పోయాక ఆయన బదులు బ్యాండు మేళం ముందు నడుస్తూ కర్ర తిప్పేది షాహిస్తాయే.

"నువ్వు ఊదేదేంది? కుక్కలు పారిపోతన్నయ్. ఇటియ్యి!" అందరి ముందూ ట్రంపెట్ లాక్కుని, కర్ర అతని చేతిలో కుక్కింది. "పో, ముందు నడువు."

మేళమంతా నవ్వింది. జోజిబాబు పళ్లు నూరుతూ ముందు నడిచాడు. తండ్రి దగ్గర ట్రంపెట్ కూడా నేర్చిన ఆమె వెనక నుంచి ఊదింది.

పాట ఆగినప్పుడు అతని పక్కకొచ్చి గొంతు తగ్గించింది.

"నీకు కరోనా తగ్గినా ఊపిరి అందటల్లేదు. అందుకే నాతో గొడవ పెట్టుకుంటన్నావని తెలుసన్నా. మనోళ్లకి తెలీనియ్యను. నన్ను తిట్టుకుంటా నడువు."