పద్మప్రియ అడుగులు

పద్మప్రియ ప్రాణం మీదికి వచ్చిందని అందరికంటే ముందు కనిపెట్టింది స్ఫూర్తి. కనిపెట్టడమే ఆమె ఉద్యోగం మరి.

జూబ్లీహిల్స్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో స్ఫూర్తి వెల్‌నెస్ మేనేజరు. అంటే, ఆడ ఉద్యోగులు తమను తాము సరిగా ప్రేమించుకుంటున్నారో లేదో చూసి జీతం తీసుకునే మనిషి. మహిళా దినోత్సవం నాడు అందరికీ తలో ఊదారంగు బ్యాండు పంచింది. చేతికి కట్టుకుంటే చాలు. ఎన్ని అడుగులు వేశారు, ఎన్ని మెట్లెక్కారు, ఎంతసేపు పడుకున్నారు, గుండె ఎలా కొట్టుకుంటోంది, అన్నీ స్ఫూర్తి కంప్యూటరుకు చేరిపోతాయి. స్నానంలో కూడా తీయకూడదు, నిద్రలో కూడా తీయకూడదు. రోజుకు పదివేల అడుగులు వేయనివాళ్ల పేర్లు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఎర్ర అక్షరాలతో వస్తాయి. వాటి పైన 'మిమ్మల్ని మీరు ప్రేమించుకోండి' అని, పక్కన ఒక గులాబీ పువ్వు.

మొదటి నెల ఆ ఎర్ర పేర్లలో అట్టడుగున ఉన్నది పద్మప్రియే. ఆమెది ఇంటి నుంచే పని. పొద్దున్న లాప్‌టాప్ ముందు కూర్చుంటే చీకటి పడ్డాకే లేవడం. ఇక అడుగులు ఎక్కడివి? స్ఫూర్తి వీడియో కాల్ చేసి పట్టుకుంది.

"నీ కోసం నువ్వు రోజుకో గంట తీసుకోలేవా?"

"కుదరట్లేదండీ."

"కుదరకపోవడం కాదు పద్మా. నీ మీద నీకు ప్రేమ లేదు. ఈ మార్కులు అప్రైజల్‌లో కలుస్తాయి, తెలుసుగా?"

పద్మప్రియ తల వంచుకుంది. పాపం, పనిలో ఆమెను ఎప్పుడూ ఎవరూ ఒక్క మాట అనలేదు. తనను తాను ప్రేమించుకోవడంలోనే ఫెయిలైంది.

రెండో నెల పద్మప్రియ పేరు అమాంతం పైకెక్కి కూర్చుంది. రోజుకు పద్దెనిమిది వేల అడుగులు! ముప్పై అంతస్తుల మెట్లు! స్ఫూర్తి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. మీటింగులో అందరిచేతా చప్పట్లు కొట్టించింది.

"లిఫ్టు కూడా ఎక్కడం మానేసింది. చూసి నేర్చుకోండమ్మా!"

మిగతా ఆడవాళ్లు పళ్లు నూరుకున్నారు. తెర మీద పద్మప్రియ నవ్వలేక నవ్వింది.

మూడో నెలలో స్ఫూర్తి మిగతా అంకెల జోలికి వెళ్లింది. వెళ్లాక గుండె గుభేలుమంది. నిద్ర నాలుగున్నర గంటలు. తెల్లవారకముందే అడుగులు మొదలు. ఆదివారం లేదు, పండగ లేదు. కూర్చున్నప్పుడు కూడా గుండె పరిగెడుతూనే ఉంది. వెంటనే మళ్లీ వీడియో కాల్.

"రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదా పద్మా?"

"హాయిగా పడుతోందండీ."

"నీకు అత్తగారున్నారా?"

"ఉన్నారండీ. చాలా మంచివారు."

స్ఫూర్తికి మొత్తం అర్థమైపోయింది. కోడలి నోట 'చాలా మంచివారు' అన్న మాట వచ్చిందంటే ఆ ఇంట్లో ఏం జరుగుతోందో ఆమె ఊహించలేదా? కోడల్ని చీకటితోనే లేపి చాకిరీ చేయిస్తోందన్నమాట. పద్మప్రియ ముఖం మాత్రం నిగనిగలాడుతోంది. అదంతా మేకప్పు, లోపల ఎంత కుమిలిపోతోందో అనుకుంది స్ఫూర్తి. నిజంగానే ఆమె కళ్లు చెమ్మగిల్లాయి.

"రేపటి నుంచి వారం రోజులు సెలవు. నువ్వు మంచం దిగకూడదు. రోజూ ఒళ్లు పట్టడానికి కంపెనీ తరఫున మనిషిని పంపిస్తాను."

"అయ్యో, వద్దండీ. నిజంగా నేను బాగానే ఉన్నాను."

"బాగానే ఉన్నాం, బాగానే ఉన్నాం అంటూనే కదా ఆడవాళ్లు కూలిపోయేది!"

పద్మప్రియ సరేనని కాల్ పెట్టేసింది.

సెలవులో మొదటి రోజు పంతొమ్మిది వేల అడుగులు. రెండో రోజు ఇరవై రెండు వేలు. మంచం దిగొద్దంటే ఇదేం చోద్యం? మూడో రోజు మధ్యాహ్నం స్ఫూర్తి డబ్బా మూత తీసి, రెండు ముద్దలు తిందామనుకునేలోగా కంప్యూటరు ఎర్రబారింది. పద్మప్రియ గుండె నిమిషానికి నూట నలభై దాటింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

డబ్బా అక్కడే వదిలేసి ఫిల్మ్ నగర్‌కు కారులో ఉరికింది. అత్తగారిని ఎలా కడిగిపారేయాలో దారి పొడుగునా మాటలు కూర్చుకుంది. అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు పక్కన 'పనివాళ్లు మెట్లు వాడవలెను' అని అంటించిన కాగితాన్ని చూసీ చూడనట్టు దాటి ఐదో అంతస్తు నొక్కింది. గంట మీద గంట కొట్టింది.

తలుపు తీసింది పనిమనిషి. నలభై అయిదేళ్లుంటాయి. తలుపు రెక్క పట్టుకుని రొప్పుతోంది.

"పద్మప్రియకు ఎలా ఉంది? స్పృహలో ఉందా?" అరిచినంత పని చేసింది స్ఫూర్తి.

"గింత గట్టిగ మొత్తుకోకుండ్రి మేడమ్. లోపల అమ్మకు నూనె రుద్దుతున్నరు. మంచిగ నిద్ర పట్టింది."

"అత్తగారేరి? ముందు ఆవిణ్ని పిలువు!"

"పెద్దమ్మ కాశికి పోయి నెల అయితుంది."

స్ఫూర్తి దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"అమ్మకు ఏం ఫికర్ లేదు మేడమ్, నేనున్న కదా" అంటూ కౌసల్య అనే ఆ పనిమనిషి నుదుటి చెమట తుడుచుకోవడానికి చెయ్యెత్తితే, సబ్బు నురగ ఆరని మట్టిగాజుల మధ్య ఊదారంగు బ్యాండు ఎర్రగా మిణుకుమిణుకుమంటోంది.