కాయ ఎవరు కోయాలి

జామకాయ రెండు ముక్కలయింది. పాఠం మాత్రం ముందుకు కదల్లేదు.

బాలశౌరి ఒక ముక్క పైకెత్తి పట్టుకున్నాడు.

"ఇదేంటర్రా?"

"జామకాయండీ!" మూడో తరగతి మొత్తం ఒక్క గొంతుతో అరిచింది.

"కాదు, సగం. సగం అంటే ఏంటి?"

"మీరు తినంగా మాకు మిగిలేదండీ!" అంది వెనక వరసలోంచి బుల్లెమ్మ.

తరగతంతా గొల్లుమంది.

అది డెబ్బై నాలుగులో, గుణదల తిరనాళ్లు వెళ్లిన వారం. బెజవాడలో టీచరు ట్రైనింగు చదువుతున్న బాలశౌరికి ఆ కాలవగట్టు ఊరి బడిలో ఎల్లుండే పరీక్ష పాఠం. అందులో తప్పితే ఏడాది చదువూ నీళ్లపాలే. వాళ్ల పేటలో మేష్టారు అనిపించుకోబోయే మొదటివాడతను.

అయినా ధీమాగానే ఉన్నాడు. చేతిలో ఆ పుస్తకం ఉంది.

హాస్టల్లో పాతవాళ్లు కొత్తవాళ్లకి అప్పగించిపోయే లెసన్ ప్లాన్ల పుస్తకమది. మొదటి పేజీ ఎప్పుడో చిరిగిపోయింది. ఎవరిదో తెలియదు. ఏటా కొత్త అట్ట వేసి, అందులో పాఠాలే తమ రికార్డులోకి ఎక్కించుకుంటారు. ప్రతి పాఠం కిందా 'స్వీయ విమర్శ' అని, చెప్పినాక తనకేమనిపించిందో రాసుకునే చోటు ఒకటుంది. దాన్ని మాత్రం ఎవరూ ఎక్కించరు, చదవరు. ఎవడి తప్పులో మనకెందుకని.

బెల్లు కొట్టారు. బాలశౌరి వరండాలోకి వచ్చాడు. మనవరాలు తెరేసమ్మని బడిలో దింపి, సాయంత్రం దాకా అక్కడే గోడకి చేరగిలబడే ముసలాయన లేచి వచ్చాడు.

"మేష్టారూ, ఆ పుస్తకం ఓసారి చూడొచ్చా?"

"నలిగిపోద్ది తాతా. పరీక్ష పుస్తకం."

ముసలాయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పోనీలే. ఆ కాయ మాత్రం నువ్వు కొయ్యబాక."

"మరెవరు కోస్తారు?"

"పిల్లల్ని కొయ్యనీ. కోసినవాళ్లు ఆఖర్న తీసుకోవాలని చెప్పు. అంతే."

"చాకు పిల్లల చేతికా? వేలు తెగితే ఎవరు చెప్తారు సమాధానం? పాఠం చెప్పడం గురించి నీకేం తెలుసు తాతా!"

"అదీ నిజమే," అని నవ్వి, ముసలాయన మనవరాలి పలక కండువాతో తుడుస్తూ కూర్చున్నాడు.

పరీక్ష రోజున ఎగ్జామినరు సంజీవరావుగారు మూలన కుర్చీ వేయించుకున్నారు.

బాలశౌరి చాకు ఎత్తాడు. పిల్లలు బిగుసుకుపోయి చూస్తున్నారు. ఇవాళ నవ్వు కూడా లేదు. కిటికీ అవతల ముసలాయన కండువా కనపడింది.

చాకు దించేశాడు.

"తెరేసమ్మా, బుల్లెమ్మా, ఇట్రండి. చెరి సగం. తెరేసమ్మా, నువ్వు జాగర్తగా కొయ్యి."

తెరేసమ్మ కోసింది. పెద్ద ముక్క గుప్పిట పట్టింది.

"అన్నేయమండీ!" బుల్లెమ్మ ఎగిరింది. "అది సగం కాదండీ!"

"కోసింది నేనేగా?"

"కోస్తే? సగమంటే రెండూ ఒక్కలాగే ఉండాలి!"

"అవునండీ, ఒక్కలాగే ఉండాలండీ!" తరగతంతా లేచి నిలబడింది.

బాలశౌరి ఒక్క మాట చెప్పకుండానే సగమంటే ఏమిటో తేలిపోయింది.

రెండో కాయ అందించాడు. "ఈసారి కోసినవాళ్లు ఆఖర్న తీసుకోవాలి."

తెరేసమ్మ నాలుక పళ్లమధ్య పెట్టుకుని, కాయని అటు తిప్పి ఇటు తిప్పి, బలపంతో కొలిచి మరీ చాకు దించింది. బుల్లెమ్మ రెండు ముక్కలూ చేతిలో పట్టుకుని, ఏది తీసుకోవాలో తేల్చుకోలేక నిలబడిపోయింది.

సంజీవరావుగారు పెన్ను మూసి లేచారు.

"ఇరవయ్యేళ్లుగా ఈ జామకాయ పాఠం చూస్తున్నానయ్యా. అందరూ తామే కోస్తారు. ఇలా చేయమని నీకెవరు చెప్పారు?"

బాలశౌరి కిటికీ వైపు చూడలేదు.

"నాకే తట్టిందండి."

"భేష్!"

కిటికీ అవతల కండువా మెల్లగా కదిలి వెళ్లిపోయింది.

ట్రైనింగు స్కూల్లో అందరికన్నా ఎక్కువ మార్కులు అతనివే. పేటలో వాళ్ల నాన్న ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ ఆపి చెప్పాడు. బాలశౌరి రొమ్ము విరుచుకునే తిరిగాడు. ఒక్కడూ ఉన్నప్పుడు మాత్రం సంజీవరావుగారితో తనన్న ఆ ఒక్క మాట పంటికింద రాయిలా తగిలేది.

పరీక్షలన్నీ అయ్యాక డజను చక్కరకేళీలు కొనుక్కుని ఆ ఊరు వెళ్లాడు.

"మీ తాత ఏడే తెరేసమ్మా?"

ఆ పిల్ల చర్చి వెనక సమాధుల తోట వైపు చెయ్యి చూపించింది.

"ఈస్టరుకి ముందే పోయాడండీ. శిలువ మీద పేరు నేనే రాశా."

చెక్క శిలువ మీద సున్నంతో వంకరటింకర అక్షరాలు: మేడూరి శౌరయ్య.

"ఆరోజు మీ పాఠమయ్యాక తాత ఊరంతా చెప్పొచ్చాడండీ."

బాలశౌరి చటుక్కున ఆ పిల్ల వైపు తిరిగాడు. "ఏమని?"

"మన మేష్టారు గెలిచాడర్రా అనండీ."

బాలశౌరి పళ్లు శిలువ దగ్గర పెట్టి తిరిగొచ్చాడు.

హాస్టలు ఖాళీ చేసే రోజున, కింది తరగతి ఇశ్రాయేలు పుస్తకం కోసం వచ్చాడు. చేతిలోకి తీసుకుని పేజీలు తిప్పాడు.

"అన్నా, పాఠం కిందున్నది కూడా ఎక్కించాలా?"

"అక్కర్లేదు. అదెవరూ చదవరు," అంటూ బాలశౌరి అతను తెరిచిన పేజీ కేసి చూశాడు. జామకాయ పాఠం. మొదటిసారి అతని కళ్లు కిందికి దిగాయి.

అక్కడ, వెలిసిపోయిన సిరాతో, గుండ్రటి అక్షరాల్లో ఉంది: "కాయ నేనే కోసి తప్పు చేశాను, ఇకమీదట పిల్లల చేతే కోయించాలి. మేడూరి శౌరయ్య, 1934."