రెండు వారాలకో విడుదల

"రెండు వారాలకో విడుదల చేద్దాం. మూడు నెలలకోసారి అంటే మరీ అన్యాయం," అంది నమారా ఫోనులో.

లుబ్వామా గుండెల్లో రాయి పడింది.

సరస్సు ఒడ్డున ఉన్న ఎంటెబీలో తన ఇంటి వరండాలో కూర్చుని, ఫోను చెవికి అదిమిపెట్టుకుని వింటున్నాడు. కంపాలా, నైరోబీల నుంచి అతనితో కలిపి మొత్తం పదిమంది ఆ సమావేశంలో ఉన్నారు. 'దవా' అనేది వాళ్లంతా కలిసి తయారుచేసి, ఆసుపత్రులకు ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్. ఏ రోగికి ఏ మందు ఎంత ఇవ్వాలో నర్సులు అందులో చూసుకుంటారు. దాన్ని సరిదిద్దిన ప్రతిసారీ కొత్తది ఆసుపత్రుల దాకా చేర్చడం లుబ్వామా పని. అతని గుర్తింపు కార్డు మీద 'విడుదల అధికారి' అని ఉంటుంది.

"తప్పు దిద్దేసి కూడా మూడు నెలలు మన దగ్గరే పెట్టుకుంటున్నాం. అక్కడ నర్సులు పాతదానితోనే తంటాలు పడుతున్నారు," అంది నమారా.

ఆమె మాటలో తప్పేమీ లేదు. లుబ్వామా బాధ కూడా అదే.

ఒక్కో విడుదలకు అతనికి పదకొండు రోజులు పడుతుంది. కూర్చుని చేసే పనే. కానీ ముగిసేసరికి నడుం పట్టేస్తుంది, భుజాలు లేవవు, కళ్లు చింతనిప్పుల్లా ఉంటాయి. ఆ తర్వాత రెండు రోజులు మంచం దిగడు. భార్య నూనె కాచి భుజాలకు మర్దనా చేస్తుంది.

అతనికి ముందు ఈ పని చేసిన కయొండో ఒక విడుదల మధ్యలోనే చనిపోయాడు. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. సమావేశంలో అందరూ ఒక నిమిషం మౌనం పాటించారు. ఎలా పోయాడని మాత్రం ఎవరూ అడగలేదు.

"మూడు నెలలకోసారే ఉంచండమ్మా," అన్నాడు లుబ్వామా. "ఒళ్లు సహకరించట్లేదు."

"బటన్ నొక్కడానికి పదకొండు రోజులేంటన్నా?" నైరోబీ నుంచి ఒమోండి నవ్వాడు. "మంచి కుర్చీ ఒకటి కొనుక్కో. నా నడుం నొప్పి దాంతోనే పోయింది."

"ఆటోమేట్ చేసెయ్," అన్నారు ఇంకెవరో.

ఎలా చెయ్యాలో లుబ్వామాకు నిజంగా తెలియదు. అడిగితే నవ్వుతారు. గట్టిగా కాదంటే, చేతనైనవాణ్ణి చూసుకుంటాం అంటారు. ఈ పని పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

ఓట్లు వేశారు. తొమ్మిది మంది సరే అన్నారు. ఒక్కడు వద్దన్నాడు.

"మీరున్నారనే మా ధైర్యం అన్నా," అంది నమారా. ప్రేమగానే అంది. "శుక్రవారం మొదటిది."

లుబ్వామా ఫోను పెట్టేశాడు. గుమ్మం దగ్గర అరటికాయలు చెక్కు తీస్తున్న భార్య అంతా వింది. కవలల తండ్రి కాబట్టి ఆమె అతన్ని 'సలొంగో' అనే పిలుస్తుంది.

"ఇక నెలకి రెండుసార్లా, సలొంగో?"

"ఆఁ."

"అంటే మధ్యలో నీకు మిగిలేది మూడు రోజులు."

"ఆఁ."

"ఆ నమారా మంచి పిల్లేగా. ఉన్నదున్నట్టు చెప్పొచ్చుగా."

"కయొండో చెప్పాడుగా. రెండు పేజీలు రాసి పంపాడు. చూద్దాం అన్నారు. వాళ్లకి పని అయిపోయిందన్న కబురు అందితే చాలు."

ఆమె కత్తి కింద పెట్టింది. "కయొండో భార్య కూడా ఇలాగే రోజులు లెక్కపెట్టుకునేదంట," అని ముంజేత్తో కళ్లు ఒత్తుకుంది. అతను దిగులుగా ఆమె పక్కన చేరి తానూ ఒక కాయ చెక్కు తీశాడు.

శుక్రవారం పొద్దునకల్లా కొత్త విడుదల సిద్ధమైంది. "వెళ్లిపోయిందా అన్నా?" అని ఒమోండి మెసేజ్ పెట్టాడు, పక్కనే ఓ నవ్వు బొమ్మతో.

లుబ్వామా పెన్‌డ్రైవును రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి మెడకు కట్టుకుని, ఎగిసిపడుతున్న సరస్సులోకి పడవను తోసి, ఇంతవరకూ ఇంటర్నెట్ చేరని ఇరవై మూడు దీవుల వైపు తెడ్డు వేశాడు.