ఆషాఢం రిపేరు

మధ్యాహ్నం గ్యారేజీలో టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా భూపాల్‌కు ఆ శుభవార్త అందింది.

మామగారి కారు చెడిపోయింది.

"స్టార్టే అయితలేదు. టిక్కుటిక్కుమని ఊకుంటున్నది," అంది ఫోన్‌లో అత్త కృష్ణమ్మ. "జర వచ్చి చూస్తవా బిడ్డా?"

"ఇగో, బయలెల్లిన అత్తమ్మా!"

టిఫిన్ డబ్బా మళ్లీ మూతపడింది. మొయినాబాద్ నుంచి చేవెళ్లకు అతని బైకు ఎప్పుడూ అంత ముచ్చటగా పరుగెత్తలేదు.

పెళ్లయి ఏడు వారాలు. ఆషాఢం రాగానే సింధుజను పుట్టింటివాళ్లు తీసుకుపోయారు. నెల తిరిగేదాకా కొత్త అల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదు. కానీ మెకానిక్ వాకిట్లోకి రావచ్చు కదా!

"వాకిట్ల దాకనే," అని తీర్పు చెప్పింది సింధుజ నానమ్మ శంకరమ్మ. చెప్పి ఊరుకోలేదు. గడపకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

మొదటి రోజు పని తేలికే. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి పొడి పేరుకుపోయింది. వేడినీళ్లతో కడిగి బిగించాడు. ఇంజను లేచింది. మీటరు పెడితే పద్నాలుగు వోల్టులు. ఛార్జింగు బ్రహ్మాండం.

తుంపర మొదలైంది. సింధుజ గొడుగు తెచ్చి పట్టింది.

"బండి మీద పట్టవే గొడుగు! మొగుని మీద కాదు," అని అరిచింది నానమ్మ.

సింధుజకు నవ్వు ఆగలేదు. గొడుగు ఊగి నీళ్లన్నీ భూపాల్ మెడ మీద పడ్డాయి. ఆ చల్లదనం మొయినాబాద్ చేరేదాకా అతనితోనే ఉంది.

మామ శంకరయ్య మాత్రం నవ్వలేదు. ఆయన షాబాద్ హైస్కూల్లో సైన్సు సారు. "డిప్లొమా చదివి చేతులకు గ్రీజు పూసుకునుడేంది?" అని పెళ్లిచూపుల్లోనే మొహం మీద అడిగిన మనిషి. అందుకే ఆయన కారు చక్కగా నడవాలి. ఆయన నోట ఒక్క మంచి మాట వినాలి. భూపాల్‌కు అంతకు మించిన కోరిక లేదు.

నాలుగు రోజులకు మళ్లీ ఫోను.

ఈసారి నిలబెట్టినప్పుడు ఇంజను వణుకుతోంది. యాక్సిలరేటరు తొక్కితే సర్దుకుంటోంది. ప్లగ్గులు విప్పి చూశాడు. బాగున్నాయి. ఫిల్టరు దులిపాడు. తేడా లేదు. గంట తర్వాత దొరికింది. ఒక సన్న రబ్బరు గొట్టం ఊడి వేలాడుతోంది. అక్కడి నుంచి గాలి ఎక్కువ పీల్చి ఇంజను వణుకుతోంది.

"మొన్న నువ్వే కదా అంత చూసింది?" అన్నాడు శంకరయ్య.

తర్వాతి వారం బ్యాటరీ లైటు ఎర్రగా వెలిగింది. మీటరు పన్నెండు దాటలేదు. బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్ వెనుక వైరు ఊడి ఉంది. పెట్టగానే మళ్లీ పద్నాలుగు. రెండు రోజులకు మళ్లీ వణుకు. ఈసారి ఒక స్పార్క్ ప్లగ్గుకు వైరే లేదు. పక్కన పడి ఉంది.

"మీ గ్యారేజీల బండ్లన్నీ గిట్లనే వారానికి రెండుసార్లు వస్తయా?" శంకరయ్య చేతులు కట్టుకుని అడిగాడు. "మంచి బేరమే!"

భూపాల్ చెవులు ఎర్రబడ్డాయి. ఎలుకలేమోనని టార్చి వేసి వెతికాడు. ఒక్క పంటి గాటు లేదు. గుంతల్లో కుదుపులకు ఊడాయా? అతను బిగించినవి అలా ఊడవు. మొయినాబాద్‌లో ఎవరినైనా అడగొచ్చు.

మెల్లగా సింధుజ పట్టిన గొడుగు కిందికి తల పెట్టాడు.

"సింధూ, నిజం చెప్పు. నువ్వే పీకుతున్నవా?"

సింధుజ కళ్లలో నీళ్లు తిరిగాయి. "మా బాపు ముంగట నీ ఇజ్జత్ నేను తీస్తనా? నువ్వొస్తే నాకు పండుగే. కానీ నిన్ను గిట్ల మాటలంటుంటే అన్నం గొంతు దిగుతలేదు."

"ఏంది గుసగుసలు?" కుర్చీలోంచి నానమ్మ గొంతు లేచింది. "నాకు తెల్వదనుకున్నరా? సగం పని చేసి సగం మిగిలిస్తున్నడు. పెండ్లాన్ని చూసుడుకు సాకు!"

భూపాల్ ఇరుక్కుపోయాడు. కాదంటే పని చేతకాదని ఒప్పుకోవాలి. ఔనంటే దొంగ. చేతిలో స్క్రూడ్రైవర్‌తో వానలో అలాగే నిలబడిపోయాడు.

"విన్నవా అల్లుడూ? మా అవ్వ అన్నదాంట్ల తప్పు లేదు," అన్నాడు శంకరయ్య తల్లి వైపు తల ఊపి. "ఇంకొక్కసారి చెడిందంటే మెహిదీపట్నం తీస్కపోయి వేరే మెకానిక్‌కు చూపిస్త."

భూపాల్ మళ్లీ బానెట్ కిందికి వంగాడు. ప్రతి గొట్టానికీ క్లిప్పు వేశాడు. ప్రతి వైరుకూ టేపు చుట్టాడు. రెండోసారి, మూడోసారి లాగి చూశాడు. బానెట్ మూసి, తల వంచుకుని బైకెక్కాడు. సింధుజ ఇచ్చిన చాయ్ కారు మీదే చల్లారిపోయింది.

బైకు మలుపు తిరిగింది. వాన ఆగినా సింధుజ గొడుగు ముడవలేదు. గేటు పట్టుకుని ఖాళీ రోడ్డు వైపే చూస్తోంది. నానమ్మ కుర్చీ ఎత్తుకుని లోపలికి పోయింది.

శంకరయ్య కూతురి వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తల్లి వినడం లేదని ఒకటికి రెండుసార్లు చూసుకుని, భార్యను కారు చాటుకు పిలిచి గొంతు తగ్గించాడు.

"పిలగాడు అన్నిటికీ టేపు చుట్టిండే కృష్ణా, రేపు నేను ఫ్యూజు పీకి జేబుల ఏస్కొని బస్సుల స్కూలుకు పోత, మెహిదీపట్నం మెకానిక్ దొరుకుతలేడని అవ్వకు చెప్పి నువ్వు భూపాల్‌కే ఫోన్ చెయ్యి."