సొంత పడవ

"ఆగు నాయనా! కడగందే ఆ పడవని నీళ్లలో దించకు!"

రేవు గేటు దగ్గర కారుకి అడ్డంగా నిలబడింది ముసలావిడ. ఒక చేతిలో బకెట్టు, ఇంకో చేతిలో అరిగిపోయిన బ్రష్షు.

కారు వెనక చిన్న బండి మీద తెల్లటి పడవ. కారులో చెరువు సంఘం అధ్యక్షుడి అల్లుడు. ఇంకో చెరువులో పడవ పందెం గెలిచి వస్తున్నాడు.

చెరువు చుట్టూ ఇళ్లున్నవాళ్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. అధ్యక్షుడు రిటైరైన పళ్ల డాక్టరు. ఆయనకి చెరువంటే ప్రాణం.

సబ్బు నీళ్లు చెరువులోకి పోకూడదు. పచ్చికకి ఎరువు చల్లకూడదు. ఆదివారం ఇంటికొకరు వచ్చి ఒడ్డున రాలిన ఆకు ఏరాలి.

నడుం పట్టేసిందన్నా ఆయన వినేవారు కాదు.

"వంగండి, అదే వదులుతుంది," అనేవారు.

బయటి పడవ ఏదొచ్చినా గేటు దగ్గర కడిగించాకే లోపలికి రానిచ్చేవారు. సొంత పడవలకి మాత్రం ఆ రూలు లేదు.

"మనింటి పిల్ల ఊరెళ్లి వస్తే, గుమ్మంలో ఆపి ఎవరింటి దానివని అడుగుతామా?" అన్నారు డాక్టరు గారు మీటింగులో.

అందరూ నవ్వి చేతులెత్తారు. రూలు అలా ఖాయమైపోయింది.

ముసలావిడ ఆ మధ్య ఎక్కణ్ణుంచో వచ్చింది. ఎవరూ అడక్కుండానే గేటు దగ్గర బయటి పడవలు కడిగేది. టీ ఇస్తే తాగేది. ఏ ఊరని అడిగితే మాట మార్చేది.

ఊరికే దొరికిన పనిమనిషిని ఎవరు కాదంటారు?

సొంత పడవ జోలికి రానంతవరకూ ఆవిడ మంచిదే.

"కళ్లు కనపడవా? ఇది మా మామగారి పడవ," అన్నాడు అల్లుడు.

"ఎవరిదైతేనేం నాయనా. చక్రం దగ్గర చూడు, పచ్చగా చుట్టుకుంది."

"గడ్డిపరక. దానికింత గోలా?"

"గోరంత ముక్క చాలు, చెరువంతా అల్లుకుపోతుంది. రెండు బకెట్లు పోయనివ్వు, ఎంతసేపు!"

ఒడ్డున చప్పట్లు కొట్టడానికి జనం నిలబడి ఉన్నారు. కారు రాకపోయేసరికి డాక్టరు గారే గేటు దగ్గరికి వచ్చారు.

చక్రం దగ్గరికి వంగి చూసేవారే.

"ఏంటి మామయ్యా, మన గేట్లో మనకే సోదాలా?" అన్నాడు అల్లుడు, అందరికీ వినపడేలా.

డాక్టరు గారు వంగబోయి, నిటారుగా నిలబడ్డారు.

"మా చెరువు సంగతి మాకు చెప్పడానికి నువ్వెవరమ్మా?"

ఆవిడ బకెట్టు కింద పెట్టింది.

"ఎవరినైతేనేం బాబూ. మీ కాళ్లు పట్టుకుంటాను, కడగనివ్వండి."

చేత్తోనే తీగ లాగెయ్యాలని చక్రం దగ్గరికి వంగింది. అల్లుడు కారు ముందుకి ఉరికించాడు. ఆవిడ పక్కకి పడింది.

పడవ చప్పట్ల మధ్య నీళ్లలోకి దిగింది.

మర్నాడు సంఘం కార్యదర్శి టీచరమ్మ ఆవిణ్ణి రోడ్డుదాకా సాగనంపి వచ్చింది.

"పెద్దదానివి. ఇంకెక్కడైనా చూసుకోమ్మా."

"అలాగే గానీ టీచరమ్మా, ఆ పడవ కట్టేసిన చోట రోజూ ఓ కన్నేసి ఉంచండి. పచ్చగా కనపడితే వేళ్లతో సహా పీకేయండి."

టీచరమ్మ తలూపింది. ఇంటికి వచ్చి మర్చిపోయింది.

మరుసటి వేసవిలో డాక్టరు గారి మెట్ల కిందే తీగ కనపడింది. అందరూ దిగి పీకారు. తెగిన ప్రతి ముక్కా ఇంకో మొక్కయింది.

మళ్లీ వానలు కురిసి వెలిసేసరికి నీళ్లు కనపడటం మానేశాయి. కంపు భరించలేక కిటికీలు మూసుకున్నారు. ఒకే చాప మీద కూర్చుని టీలు తాగినవాళ్లు, నీ పడవంటే నీ పడవని తిట్టుకున్నారు.

ఆదివారాలు డాక్టరు గారొక్కరే మోకాలి లోతు నీళ్లలో తీగ లాగుతూ కనిపించేవారు. అల్లుడు రావడం మానేశాడు.

కొండ అవతల చెరువుకి కూడా ఒకప్పుడు ఇదే తెగులు పట్టిందని ఎవరో చెప్పారు. మందేదైనా దొరుకుతుందేమోనని డాక్టరు గారు వెతుక్కుంటూ వెళ్లారు.

అక్కడ చెరువు లేదు. రేవు మెట్లు గడ్డిలోకి దిగుతున్నాయి. చుట్టూ ఇళ్లకి తాళాలు. ఒకాయన గడప దగ్గర కూర్చుని కుర్చీ అల్లుకుంటున్నాడు.

"మందా? అది దొరికితే మేమిలా ఎందుకుంటామండీ?" అన్నాడాయన.

"మీ సంఘం వాళ్లెవరైనా ఉన్నారా?"

"అధ్యక్షురాలు ఉండేది. అదిగో, ఆ పెద్ద మేడ ఆవిడదే. మొన్న చలికాలంలో పోయింది."

"చెరువుని పట్టించుకునేది కాదా?"

"అయ్యో, అంత మాటనకండి! కడుపున పుట్టినదానిలా చూసుకుంది. కడక్కుండా ఒక్క బయటి పడవని దిగనిచ్చేది కాదు."

"మరి ఈ తీగ ఎలా వచ్చింది?"

"ఆవిడ సొంత పడవకే అంటుకుని వచ్చింది."

డాక్టరు గారు తల తిప్పి ఆ పెద్ద మేడ వైపు చూశారు.

"మళ్లీ ఆ మేడ గుమ్మం తొక్కలేదండీ," అన్నాడాయన కుర్చీ మీంచి తలెత్తకుండానే. "ఏ చెరువు వాళ్లు రానిస్తే ఆ చెరువు గేటు దగ్గర, పరాయివాళ్ల పడవలు కడుగుతూ బతికింది."