మూడు వందల రికార్డులు

"ఆ ఫోటో మీరు తీసేస్తారా, నన్ను తీసెయ్యమంటారా?" అని అడిగింది మిరాన్.

ఇంచన్ రేవు పట్నంలో ఒక గ్రంథాలయం పై అంతస్తు అది. ఊళ్ళో ఒకప్పుడు వెలిగి మూతపడిన పాటల రికార్డుల షాపులను గుర్తుచేసుకుంటూ ఆ ఉదయమే ప్రదర్శన మొదలుపెట్టారు. రైల్వే స్టేషను ఎదుటి షాపు బోర్డు ఒక గోడకు ఉంది. సిన్పో బజారులో, అడిగిన పాటలు కేసెట్లోకి ఎక్కించి ఇచ్చిన మిషను ఒక బల్ల మీద ఉంది. వాన పడుతున్నా సరే, షాపు గుమ్మంలోని స్పీకరు ముందు గొడుగులు పట్టుకుని నిలబడిన జనం ఒక ఫోటోలో ఉన్నారు.

మిరాన్ వేలు చూపిస్తున్నది వేరే ఫోటో. మంచు కురిసిన వీధి, 'పాలవెల్లి రికార్డు షాపు' అన్న బోర్డు, దాని కింద సుత్తి ఎత్తిన ఒక మనిషి. అతని కాళ్ళ దగ్గర నల్లటి ముక్కల కుప్ప.

ప్రదర్శన చూసుకుంటున్న యురి అనే అమ్మాయి కంగారుపడింది. ప్రభుత్వం నిషేధించిన పాటల జాబితా వచ్చిన రోజుల నాటి ఫోటో అనీ, ఒక పత్రికాఫీసు పాత పెట్టెలో దొరికిందనీ, అప్పుడేం జరిగిందో ఇప్పటివాళ్ళకు తెలియాలనే పెట్టామనీ నచ్చజెప్పబోయింది.

"ఏం జరిగిందో నాకు తెలుసు. ఆ ముక్కలు మా అన్నవి" అంది మిరాన్.

ఆమె అన్న తక్ గ్యోంగ్సు పగలు రేవులో మూటలు మోసేవాడు, సాయంత్రాలు పాడేవాడు. జీవితంలో ఒకే ఒక్క రికార్డు ఇచ్చాడు. మూడు వందల ప్రతులు వేయించి, అన్నీ పాలవెల్లిలోనే అమ్మకానికి పెట్టాడు. కూలీల పాటలు జనాన్ని నీరుగారుస్తున్నాయని దాన్నీ జాబితాలో ఎక్కించారు. ఆ తర్వాత గ్యోంగ్సు మళ్ళీ పాడలేదు. పోయి ఇరవై ఏళ్ళయింది. పాత రికార్డులుంటే తెమ్మని గ్రంథాలయం వాళ్ళు పేపర్లో వేస్తే, ఎవరైనా అన్న రికార్డు తెచ్చి ఉంటారేమోనన్న ఆశతో ఆమె తెల్లవారే బస్సెక్కి వచ్చింది. వస్తే గోడ మీద ఇది కనిపించింది.

ఇంతలో కుర్చీల వరసలోంచి ఒక ముసలాయన లేచాడు. ఎనభైకి దగ్గర పడిన మనిషి. పాలవెల్లి యజమాని ప్యో జెమున్, ఫోటోలో సుత్తి ఎత్తిన మనిషి. అతిథిగా మాట్లాడమని పిలిస్తే వచ్చాడు.

"తీసెయ్యమ్మా" అన్నాడు యురితో. మిరాన్ వైపు తిరిగి నడుము వంచి క్షమించమన్నాడు.

ఆమె కోపం అంతటితో దిగలేదు. గ్యోంగ్సు చెల్లెలినని చెప్పింది. అన్నని చంపింది జబ్బు కాదు, నలభై నాలుగేళ్ళ కిందటి ఆ సుత్తేనంది. జెమున్ తల దించుకుని విన్నాడు.

"ఒక్కటి" అంది మిరాన్. "మూడు వందల్లో ఒక్కటి దాచలేకపోయారా? కోటు లోపల పెట్టుకున్నా సరిపోయేదే."

"రెండు దాచాను. బియ్యం బస్తా అడుగున పెట్టాను."

"మరి ఏవీ?"

"బస్తా కుమ్మరించి, వెతికి తీసి, వాటినీ పగలగొట్టాడు."

"ఎవరు, పోలీసా?"

జెమున్ పక్కనున్న బల్లను పట్టుకున్నాడు. యురి ఎవరినో కుర్చీ తెమ్మంది. ఆయన కూర్చోలేదు.

"మీ అన్న" అన్నాడు చివరికి.

పోయినవాడి మీద నింద వేయడానికి సిగ్గు లేదా అని అడిగింది మిరాన్. ఆ సుత్తి తెచ్చింది గ్యోంగ్సేనని, పక్కన గోనెసంచి పట్టుకుని నిలబడ్డదీ అతనేనని, ఫోటో తీసినవాడు అతన్ని వదిలేసి తనొక్కణ్ణే పట్టాడని జెమున్ మెల్లగా చెప్పాడు. అంతకు వారం ముందు ఒక అధికారి గ్యోంగ్సును పిలిపించాడట. ఆ రికార్డు ఊళ్ళో ఉన్నంతకాలం ఇంటిల్లిపాది పేర్లూ సర్కారు అనుమానితుల చిట్టాలో ఎర్ర గీత కిందే ఉంటాయన్నాడట. నలుగురిలో నిలబడి ఒక్కటీ మిగల్చకుండా పగలగొట్టిస్తే ఆ కాగితాలు మూసేస్తానన్నాడట.

"మా అన్న అలాంటి బెదిరింపులకి లొంగే మనిషి కాదు. తనని జైల్లో పెడతామన్నా నవ్వేవాడు" అంది మిరాన్.

"తన గురించయితే నవ్వేవాడేనమ్మా."

"మరి ఎవరి గురించి?"

జెమున్ ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. ఆ సంగతి చెప్పనని గ్యోంగ్సుకి మాటిచ్చానన్నాడు. తన చేతుల్ని చూసుకున్నాడు.

"పగలగొట్టింది డిసెంబరు నెల, ఒక శనివారం" అన్నాడు. "నువ్వు టీచరమ్మవి కదూ. పరీక్షలో నెగ్గి కూడా తొమ్మిది నెలలు నీ ఒక్కదాని ఉద్యోగం ఆర్డరే ఆగిపోయిందని మీ అన్న బాధపడేవాడు. అది ఎప్పుడొచ్చిందమ్మా?"

మిరాన్ కుర్చీ అంచు పట్టుకుంది.

"ఆ సోమవారమే."